సమరంలో అవమానం: నిషేధం, దండవిధి

‘చేయరాదు’ అని శాసించడం ఒకటి. ‘చేసినవాడు దండ్యుడు’ అని విధించడం మరొకటి. యుద్ధంలో చేజిక్కినవాని పట్ల జరిగే అమానుష, అవమానకర ప్రవర్తన విషయంలో ఈ రెంటికీ నడుమ గల దూరం ప్రాచీన వాఙ్మయంలోనూ, ఆధునిక అంతర్జాతీయ న్యాయంలోనూ స్పష్టంగా గోచరిస్తుంది.

మనుస్మృతి సప్తమాధ్యాయంలో అవధ్యుల పట్టిక ప్రసిద్ధం. చేతులు జోడించినవాడు, జుట్టు విడివడినవాడు, ‘నీవాడను’ అన్నవాడు, నిద్రితుడు, నిరాయుధుడు మొదలైనవారిని చంపరాదు. కాని ఈ నియమం తప్పిన యోధునికి రాజు విధించవలసిన శిక్ష అక్కడ లేదు. కౌటిల్యుడు సైతం దుర్గాన్ని ముట్టడించేవేళ పడిపోయినవారికి, శరణన్నవారికి, ఆయుధం విడిచినవారికి అభయమిమ్మన్నాడే గాని, ఈయనివానికి దండం చెప్పలేదు.

ఈ లోటు భారతంలో కథారూపం దాల్చింది. సౌప్తికపర్వంలో అశ్వత్థామ నిద్రిస్తున్న ధృష్టద్యుమ్నుని కాలితో తన్ని లేపి, జుట్టు పట్టి నేలపై అదిమిపెట్టాడు. తనను శస్త్రంతో చంపమని, అట్లైతే పుణ్యలోకాలు లభిస్తాయని అతడు వేడుకొన్నాడు. అశ్వత్థామ ఆ మాత్రమూ అంగీకరించక, పాదఘాతాలతోనే ప్రాణం తీశాడు. ఇక్కడ వధ కన్నా వధావిధానమే ఘోరం; వీరునికి వీరమరణాన్ని నిరాకరించడమే ఆ చర్యలోని ఉద్దేశం. తరువాత జరిగిన మణిహరణం ద్రౌపది శోకానికి ఉపశమనం. మూడువేల యేండ్ల సంచారశాపానికి ప్రధానకారణం ఉత్తర గర్భంపై అస్త్రప్రయోగం. ఆ కాలితాపులకు విడిగా దండం లేదు. పాండవపక్షమూ నిర్దోషం కాదు. తొడలు విరిగి పడిన దుర్యోధనుని తలను భీముడు కాలితో తన్నినప్పుడు ధర్మరాజు వారించాడు. వారింపుతోనే ఆ ప్రసంగం ముగిసింది.

అయితే అర్థశాస్త్రం చతుర్థాధికరణంలో, బహుశః తగినంత పరిశీలనకు నోచుకోని ఒక ఘట్టమున్నది. నిర్బంధితునికి అన్నపానాలు అడ్డగించిన అధికారికి 96 పణాల దండం. హింసించినవానికి మధ్యమ సాహసదండం. చంపినవానికి 1000 పణాలు. ఇది యుద్ధబందీలను గూర్చినది కాదు, రాజ్యంలోని చెరసాలలకు సంబంధించినది. అయినా బందీని బాధించిన రాజోద్యోగి స్వయంగా దండ్యుడనే సూత్రం ఇక్కడ నిస్సందేహంగా ఉన్నది.

ఆధునిక న్యాయం ఈ సూత్రాన్ని యుద్ధానికి వర్తింపజేయడానికి చాలాకాలం పట్టింది. 1949 నాటి నాలుగు జెనీవా ఒడంబడికలకూ ఉమ్మడిదైన మూడవ అధికరణం, అంతర్యుద్ధాలలో వ్యక్తిగౌరవ భంగాన్ని, అవమానకర ప్రవర్తనను నిషేధించింది. శిక్షను మాత్రం చెప్పలేదు. చిత్రహింస, అమానుష ప్రవర్తన ‘తీవ్ర ఉల్లంఘనలు’గా దండనీయమైనప్పటికీ, ఆ విధానం రాజ్యాల మధ్య యుద్ధాలకే పరిమితం. ర్వాండా న్యాయస్థానపు 1994 నాటి శాసనం మూడవ అధికరణపు ఉల్లంఘనలను స్పష్టంగా నేరాలలో చేర్చింది. మరుసటి యేడు టాడిచ్ వ్యాజ్యంలో యుగోస్లావియా న్యాయస్థానపు అప్పీలు విభాగం, అంతర్యుద్ధంలోనైనా వాటికి వ్యక్తిగత నేరబాధ్యత ఉన్నదని నిర్ణయించింది.

దీని ఫలితం అలెక్సోవ్‌స్కీ వ్యాజ్యంలో కనబడుతుంది. ఇతడు బోస్నియాలోని కావోనిక్ చెరసాల అధికారి, కౌటిల్యుని పరిభాషలో బంధనాగారాధ్యక్షుడు. బందీలను కొట్టడం, కందకాలు త్రవ్వించడం, మానవకవచాలుగా వాడడం వంటి చర్యలకు బాధ్యుడై, వ్యక్తిగౌరవ భంగమనే నేరానికి 1999లో రెండున్నర యేండ్ల శిక్ష పొందాడు. అది చాలదని 2000లో అప్పీలు విభాగం యేడేండ్లకు పెంచింది.

1998 నాటి రోమ్ శాసనం ఎనిమిదవ అధికరణం ఈ నేరాన్ని ఉభయవిధ యుద్ధాలకూ వర్తింపజేసింది. దాని నేరాంశ వివరణలో మూడు విశేషాలున్నాయి: మృతుడు కూడా బాధితుడు కావచ్చు, అవమానం బాధితునికి తెలిసి ఉండనక్కరలేదు, అతని సాంస్కృతిక నేపథ్యాన్ని గణించాలి. తలకు కాలు తగలడం ఎంతటి అవమానమో దుర్యోధనుని సమాజానికి ఎవరూ వివరించనక్కరలేదు. విదేశీ న్యాయమూర్తికి వివరించవలసి రావచ్చు. మూడవ అంశం ఆ అవసరాన్నే గుర్తించింది.

భారతదేశం రోమ్ శాసనంలో చేరలేదు. ఇక్కడి 1960 నాటి జెనీవా ఒడంబడికల చట్టం తీవ్ర ఉల్లంఘనలనే శిక్షిస్తుంది: బుద్ధిపూర్వక వధకు మరణదండన లేదా యావజ్జీవం, ఇతర ఉల్లంఘనలకు పదునాలుగేండ్ల వరకు కారాగారం. అదీ ప్రభుత్వం గాని, అది నిర్దేశించిన అధికారి గాని ఫిర్యాదు చేస్తేనే న్యాయస్థానం విచారణకు స్వీకరిస్తుంది. మూడవ అధికరణం నిషేధించిన అవమానకర ప్రవర్తన ఈ చట్టపు శిక్షావిధిలో చేరలేదు.