బండి కింద టార్చిలైటు వేశాకే బేరం



సెకండ్ హ్యాండ్ థార్ కొనాలనుకుంటున్నావనీ, అమ్మేవాళ్లతో బేరమాడటం నీకు చేతకావడం లేదనీ రాశావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది కాబట్టి తీరిగ్గా ఉత్తరమే రాస్తున్నాను. బేరం నోరున్నవాళ్ల విద్య అని నీ బెంగ. గట్టిగా మాట్లాడినవాళ్లకి తగ్గేది ఐదో పదో వేలు. బండి కింద దూరి, ఆర్‌సీ తిరగేసి, లెక్క రాసుకుని వచ్చినవాళ్లకి తగ్గేది అంతకు చాలా ఎక్కువ. అందుకని మాటల సంగతి చివర్న చెబుతాను.

అమ్మే మనిషి మనసులో ఒక అంకె ఉంటుంది, ఆనాడు షోరూంలో కట్టినది. కొనేవాళ్ల దగ్గర ఉండాల్సింది ఇంకో అంకె, అదే మోడల్ ఇవాళ కొత్తది ఎంతకి దొరుకుతుందో. ఈ రెండూ ఎంత దూరం జరగగలవో జిమ్నీని చూస్తే తెలుస్తుంది. మారుతి దాన్ని 2023 జూన్‌లో 12.74 లక్షల ఎక్స్‌షోరూం ధరతో తెచ్చింది. ఆ డిసెంబరుకల్లా థండర్ ఎడిషన్ అని పేరు పెట్టి 10.74 లక్షల నుంచి అమ్మింది. జూన్‌లో ముచ్చటపడి కొన్నవాళ్ల బండి విలువ, గడప దాటకుండా ఇంట్లోనే ఉన్నా, ఆర్నెల్లలో రెండు లక్షలు కరిగింది. ఆ నష్టం బాధాకరమే. కానీ దాన్ని రెండో యజమాని భర్తీ చేయాలని ఏ న్యాయంలోనూ లేదు.

థార్‌కీ ఇలాంటి కథే ఉంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు ఫోర్ బై ఫోర్ డీజిల్ థార్ కొత్త ధర లక్ష దాకా దిగింది, వెనక చక్రాల డ్రైవు డీజిల్ ఇంకాస్త ఎక్కువే దిగింది. ఈ రెండో రకం ఇంజను 1.5 లీటర్లది, పొడవు నాలుగు మీటర్లలోపు. అందుకే చిన్న కార్లతో పాటు 18 శాతం పన్నులోకి వచ్చింది. 2.2 లీటర్ల ఫోర్ బై ఫోర్ 40 శాతంలోకి వచ్చింది. కొత్తది చవకైతే పాతది కూడా ఆ మేరకు దిగాలి. అమ్మేవాళ్లు మాత్రం ఈ సంగతి తామంతట తాము ఎత్తరు. బేరానికి వెళ్లేముందు షోరూంకి ఫోన్ చేసి ఆ వేరియంటు ఆన్‌రోడ్ ధర రాసుకున్నవాళ్లదే ఇక్కడ పైచేయి.

వేరియంటు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. రెండో తరం థార్ 2020 అక్టోబరు 2న మార్కెట్లోకి వచ్చినప్పుడు అన్నీ ఫోర్ బై ఫోర్‌లే. వెనక చక్రాల డ్రైవు రకం 2023 జనవరిలో గానీ రాలేదు. బయటినుంచి రెండూ కవలలే. లోపల గేరు రాడ్డు పక్కన రెండో రాడ్డు, అంటే ఫోర్ హై, ఫోర్ లో మార్చేది, ఉందో లేదో చూడాలి. అది లేని బండి ఊళ్లో తిరగడానికి బాగానే ఉంటుంది గానీ ఫోర్ బై ఫోర్ ధర ఇవ్వడానికి తగదు. స్టిక్కరు ఎవరైనా అంటించుకోవచ్చు. మొదటి తరంలో మరో తంటా ఉంది. 2010 నుంచి వచ్చిన ఆ థార్‌ని ఆపేముందు, 2019లో, మహీంద్రా 700 బళ్లు ‘థార్ 700’ పేరుతో వదిలింది. వాటికి అభిమానులున్నారు, అడిగే ధరలో ఆ అభిమానం కూడా కలిసి ఉంటుంది. నీకు కావాల్సింది అరకు, లంబసింగి ఎక్కే బండి. జ్ఞాపిక ఖరీదు నువ్వెందుకు కట్టాలి?

ఇక బండి దగ్గరికి వెళ్లడం. ఇంజను చల్లగా ఉండగా చూడాలి. “పొద్దున్నే వస్తాను, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు” అని ముందే చెప్పాలి. వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే, తొలి స్టార్టింగులో వచ్చే పొగో, చప్పుడో మన కంట, చెవిన పడకూడదనుకున్నారని అనుమానించాలి. చీకటి పడ్డాకా, వాన తడిలోనూ పెయింటు చూడటం దండగ.

మామూలు కారుకీ దీనికీ తేడా అంతా నడుం కింద ఉంది. కిలోమీటర్ల మీటరు చూసి మురిసిపోతారు కొందరు. ఫోర్ లోలో రాళ్లెక్కిన ఒక్క పూట హైవే మీద వందల కిలోమీటర్ల కంటే ఎక్కువ అరగదీస్తుంది, మీటరులో మాత్రం పది కూడా తిరగదు. అందుకని గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాలి. ఛాసిస్ పట్టీల మీద సొట్టలున్నాయా, కొత్తగా వెల్డింగ్ చేసి నల్లరంగు పూశారా, ట్రాన్స్‌ఫర్ కేస్ కింది రక్షణ ప్లేటు ఎంత గీరుకుపోయింది, ముందు యాక్సిల్ రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చిమ్మిందా, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసుల్లో ఆట ఉందా, ఇవన్నీ టార్చిలైటుకి దాగవు. డిఫరెన్షియల్ ఆయిల్ కొద్దిగా తీయించి చూడటానికి మెకానిక్‌కి ఎక్కువసేపు పట్టదు. అది పాలు కలిపిన కాఫీ రంగులో ఉందంటే లోపలికి నీళ్లు పోయాయి. గీతలు పడిన రక్షణ ప్లేటు చూసి బెదరక్కర్లేదు, అది ఉన్నదే గీతలు పడటానికి. వంగిన ఛాసిస్ మాత్రం ఎంత తగ్గించినా వద్దు.

విశాఖ బళ్లతో ఇంకో జాగ్రత్త. భీమిలి వైపూ, యారాడ వైపూ ఇసుకలో దింపి, అలల్లో చక్రాలు తడిపి ఫొటోలు దిగడం అక్కడ సరదా. ఆ ఉప్పునీళ్లు ఆ సాయంత్రమే కడగకపోతే బ్రేకు పైపులనీ, వెల్డింగ్ అతుకులనీ తినేస్తాయి. హైదరాబాద్ బళ్లయితే వికారాబాద్ అనంతగిరి బురద చూసి ఉంటాయి. బురద ఉప్పంత చేటు కాదు.

అన్నిటికంటే చెడ్డది మునక. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో, బళ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. తర్వాత వాటిలో కొన్ని శుభ్రంగా తుడుచుకుని వేరే ఊళ్లలో అమ్మకానికి రావడం విచిత్రమేమీ కాదు. సీటు బెల్టుని చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద గీత కనిపించవచ్చు. కార్పెట్ ఎత్తి చూడాలి, సీటు పట్టాల బోల్టుల తుప్పు చూడాలి, ఫ్యూజ్ పెట్టె మూలల్లో మట్టి ఉందేమో చూడాలి. థార్ నేలని నీళ్లతో కడుక్కోవచ్చన్న మాట నిజమే, కాబట్టి అక్కడ తడి ఒక్కటే సాక్ష్యం కాదు. డ్యాష్‌బోర్డు వెనక వైర్ల మీద ఒండ్రు ఉంటే ఇంక మాట్లాడేదేం లేదు. ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర, సర్వీసు సెంటర్లో ఛాసిస్ నంబరు మీద ఉన్న రికార్డు అడగాలి. ఇవ్వడానికి నసిగే మనిషితో బేరం మొదలుపెట్టడమే అనవసరం.

ఫోర్ బై ఫోర్ పనిచేస్తుందో లేదో మట్టిలో గానీ ఇసుకలో గానీ చూడాలి. ఎండిన తారురోడ్డు మీద ఫోర్ లో వేసి మలుపులు తిప్పితే ఆ గేర్లు బిగుసుకుంటాయి, పరీక్ష పేరుతో పరాయి బండి పాడుచేసినట్టవుతుంది.

“రెండు లక్షల ఎక్స్‌ట్రాలు వేయించాను” అనే మాట ప్రతి థార్ బేరంలోనూ వినిపిస్తుంది. ఎత్తు పెంచే కిట్టు, పెద్ద టైర్లు, ఇనప బంపరు, పైన లైట్ల వరుస. కంపెనీ నమూనాకి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. అంటే ఆ ఇనప బంపరుకి డబ్బివ్వడం మాట అటుంచి, విప్పించే కూలి మనమే అడగాలి. ఎత్తు పెంచిన బండిలో షాఫ్టుల కోణం మారి క్రాసులు త్వరగా అరుగుతాయి, అది ధర తగ్గాల్సిన విషయం. మంచి టైర్లు మాత్రం వేరు. పక్కగోడ మీది నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. కొత్తవైతే వాటి విలువ ఒప్పుకోవడమే మర్యాద.

కాగితాల్లో మొదట చూడాల్సింది ఆర్‌సీ. ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది అన్నవి ఎం పరివాహన్ యాప్‌లో తేలిపోతాయి. చలానాల బాకీ వేరే చూసుకోవాలి. ఢిల్లీ రిజిస్ట్రేషన్ బండి చవగ్గా వస్తోందని ఏ కన్సల్టెన్సీ అయినా చూపిస్తే ఆగి ఆలోచించాలి. 2015లో గ్రీన్ ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగకూడదన్నాయి, అందుకే పదో ఏడు దగ్గరపడ్డవి దక్షిణాదికి దిగుతూ వచ్చాయి. బండి మంచిదే కావచ్చు. కానీ అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, దాని వయసుని బట్టి కట్టే లైఫ్ ట్యాక్సు, లారీ కిరాయి కలిపితే చవకదనం ఎంత మిగిలిందో కాగితం మీద తేల్చుకోవాలి. పదిహేనేళ్లు దాటిన జిప్సీ లాంటి వాటికి ఆర్‌సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగిందని కూడా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు లెక్క. 2021 నాటి డీజిల్ ఫోర్ బై ఫోర్‌కి పదకొండున్నర లక్షలు అడుగుతున్నారనుకుందాం. అదే ఏడాది, అదే వేరియంటు, మన రాష్ట్రం రిజిస్ట్రేషనే ఉన్న బళ్లు ఇంకో అరడజను చూస్తే అడిగే ధరలు పదకొండు దగ్గర తచ్చాడుతున్నాయనుకుందాం. అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. నెల దాటినా అమ్మకానికే ఉన్న బండి తన ధర తప్పని తానే చెబుతోంది. మెకానిక్ చూసి నాలుగు టైర్లు సగం పైగా అరిగాయనీ, క్లచ్ ప్లేటు మార్చాలనీ, సస్పెన్షన్ బుష్‌లు పోయాయనీ చెప్పాడు. ఇన్సూరెన్స్ వచ్చే నెలతో సరి. ఇక్కడ కొందరు అత్యాశకి పోయి నాలుగు కొత్త టైర్ల పూర్తి ధర, అరలక్ష పైమాట, తీసేయమంటారు. అమ్మే ఆయన సగం వాడుకున్నాడు, సగం తగ్గించడమే సబబు. క్లచ్ మాత్రం పూర్తిగా తీసేయాల్సిందే. షెడ్డులో రాయించిన ఎస్టిమేటు చేతిలో ఉండి ఇలా ఒక్కొక్కటీ చదువుతుంటే ఎదుటి మనిషికి కోపం రాదు. “బండి బాలేదు” అంటే వస్తుంది.

మొదటి అంకె ఆయన చేతే చెప్పించాలి. ఫోన్లో “లాస్ట్ ఎంత?” అని అడిగితే చూడకముందే బేరం ముగిసిపోతుంది. “మొన్నొకాయన ఇంకా ఎక్కువ ఇస్తానన్నాడు” అంటే, ఇచ్చేయమని నవ్వుతూ చెప్పొచ్చు. ఇచ్చే ఉద్దేశమే ఉంటే ఈపాటికి ఇచ్చి ఉండేవాడు. మన అంకె చెప్పాక మాట్లాడకుండా కూర్చోవడం చాలామందికి చేతకాదు, ఇబ్బందిపడి తామే ఇంకో పదివేలు కలుపుతారు. అదను కూడా చూసుకో. ఆషాఢంలో మనవాళ్లు బండి కొనరు, దసరా ముందు ఎగబడతారు. పట్టింపు లేనివాళ్లకి ఆషాఢమే మంచి ముహూర్తం.

డబ్బు కాకుండా ఇవ్వగలిగింది ఇంకొకటి ఉంది. పేరు మారకుండా బండి ప్రమాదం చేస్తే పరిహారం బాధ్యత ఆర్‌సీలో ఉన్న పాత యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. తెలిసిన అమ్మకందారుకి అది పెద్ద భయం. “ఈ వారంలోనే స్లాట్ బుక్ చేసి ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటాను, ఖర్చు నాదే, డబ్బంతా బ్యాంకు ద్వారా ఒకేసారి” అనే మనిషికి ఆయన పాతికవేలు తగ్గించినా తగ్గించినట్టు అనుకోడు. పది విడతల్లో ఇస్తానని ఇంకొంచెం ఎక్కువ చెప్పేవాళ్ల కంటే ఈ మనిషే ఆయనకి మేలు.

కుదిరాక బయానా కొద్దిగానే ఇచ్చి రసీదు తీసుకో. లోను మిగిలి ఉంటే ఆ మొత్తం నేరుగా ఫైనాన్స్ కంపెనీ ఖాతాకే కట్టి, ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 చేతికి వచ్చాకే మిగతాది ఇవ్వు. ఫారం 29, 30 మీద సంతకాలు, బండి అప్పగించిన తేదీ, గంట రాసిన ఒప్పందం, రెండో తాళం చెవి, సర్వీసు పుస్తకం అన్నీ ఒకే పూట తీసుకో. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో నీ పేరు మీదికి మార్చుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది కాబట్టి ప్రీమియం కాస్త పెరుగుతుంది, ఆ పెరుగుదల కూడా నీ లెక్కలో వేసుకో. అద్దం మీది ఫాస్టాగ్ ఆయన ఖాతాది. దాన్ని ఆయన చేతే మూయించి, నీ పేరున కొత్తది తీసుకున్నాకే బండి టోలు గేటు దాటించు.

ఇట్లు,
మీ పెదనాన్న