నమ్మదగిన నావ

పాఠ్యభాగ ఉద్దేశం

జలవిహారం మనస్సుకు ఆహ్లాదాన్నిస్తుంది. కాని అజాగ్రత్త తోడైతే అదే విహారం విషాదంగా పరిణమిస్తుంది. కుటుంబంతో కలిసి చెరువులోనో జలాశయంలోనో విహరించదలచినవారు ఎటువంటి వాహనాన్ని ఎంచుకోవాలి, దానిని ఏ గుణాలను బట్టి నమ్మాలి అనే విషయాలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నిజామాబాదు, బోధన్ ప్రాంతం నీటిని నమ్ముకొని ఎదిగిన నేల. మంజీర నదిపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తయిన నిజాంసాగరం ఈ నేలను వరికీ, చెరకుకూ ఆలవాలం చేసింది. ఆ కాలువల క్రింద పండిన చెరకే బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారానికి ప్రాణం పోసింది. 1937లో స్థాపితమైన ఆ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. నీరు మాత్రం నిలిచి ఉన్నది. ఆ నీరు పంటకే కాక, ప్రజల విహారానికి కూడా ఆధారమైంది. నిజామాబాదుకు చేరువలోని అలీసాగరానికీ, జానకంపేట వద్ద ఉన్న అశోకసాగరానికీ సెలవు దినాలలో కుటుంబాలు తరలిపోవడం మనకు తెలిసిన విషయమే. గట్టు మీద అన్నం మూటలు విప్పుకొని తిన్న తరువాత పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, “పడవ ఎక్కుదామా?” అని. పెద్దలు ఆలోచించవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. “ఏ పడవ ఎక్కుదాం?” అన్నదే ఆ ప్రశ్న. అద్దెకు ఎక్కినా, స్వంతంగా కొన్నా ఈ ప్రశ్న మారదు.

నీటిని దాటించే సాధనాలకు మన భాషలో అనేక నామాలు ఉన్నాయి. ఓడ, నావ, పడవ, దోనె, తెప్ప, పుట్టి అన్నవి పర్యాయపదాల వలె కనిపించినా, ఒక్కొక్కటి ఒక్కొక్క విధమైన నీటికి తగినది. గుండ్రని పుట్టి ఏటిలో పనికివచ్చినట్లు సముద్రంలో పనికిరాదు. భోజుని పేర నిలిచిన ‘యుక్తికల్పతరువు’ అనే సంస్కృత గ్రంథం నౌకలను సామాన్యములనీ, విశేషములనీ విభజించి, వాటి కొలతలను, కొయ్యల జాతులను వివరించింది. నౌకను ఎంచుకొనడం ఒక శాస్త్రమని ఆ పెద్దలు గుర్తించారు. మహాభారతంలో సత్యవతి యమునలో నడిపిన నావ, రామాయణంలో గుహుడు గంగ దాటించడానికి తెప్పించిన నావ చరితార్థమైనవి. అవి ఏ నదిలో నడవాలో ఎరిగినవారి చేతిలో ఉన్న నావలు.

కాబట్టి మొదట తెలుసుకోవలసింది నీటి స్వభావం. మన ప్రాంతపు జలాశయాలు పుట్టుకతో సరస్సులు కావు. సేద్యం కోసం మనుషులు కట్టినవి. కాలువకు నీరు విడిచినప్పుడు వీటి మట్టం దిగుతుంది, వరద వచ్చినప్పుడు పెరుగుతుంది. భాద్రపదంలో నిండుగా ఉన్న చోట వైశాఖంలో బురద తేలవచ్చు. నీటి అడుగున చెట్ల మోళ్ళు, రాళ్ళు, మునిగిన గోడలు ఉండవచ్చు. తూముల వద్ద, ఆనకట్ట తలుపుల వద్ద పైకి కనిపించని లాగుడు ఉంటుంది. వేసవి చివర మధ్యాహ్నపు వేళల హఠాత్తుగా గాలిదుమారం లేస్తుంది. కొన్ని చెరువులను గుర్రపుడెక్క కప్పివేస్తుంది. ఇటువంటి నీటిలో లోతుగా మునిగి నడిచే నావ కంటె, తక్కువ లోతులో నడిచే చదునైన అడుగు గల నావ మేలు.

రెండవది, ఎక్కేవారిని ఎరగడం. కుటుంబమంటే ఒక్క యువకుడు కాదు. మోకాళ్ళ నొప్పులతో నడిచే నాయనమ్మ ఉంటుంది. ఒక్కచోట కుదురుగా కూర్చోని నాలుగేళ్ళ మనుమడు ఉంటాడు. ఈత రాని తల్లిదండ్రులు ఉంటారు. ఒంటరిగా వేగాన్ని కోరే యువకునికి తగిన వాహనం వీరికి తగదు. వెడల్పైన అడుగు, నడుమెత్తు అంచు, వీపుకు ఆనుడు గల ఆసనం, ఎక్కడానికి దిగడానికి స్థిరమైన మెట్టు ఉన్న పడవ వీరికి కావాలి. రెండు బోలు గొట్టాల మీద చదునైన వేదికను అమర్చి చేసే పాంటూన్ పడవ నిశ్చలమైన నీటిలో అంతగా ఊగదు కనుక వృద్ధులకు, పిల్లలకు అనువైనది. ఫైబర్ పడవ కొనదలచినవారు దాని గదులలో తేలికైన ఫోమ్ నింపారో లేదో విచారించాలి. అట్లా నింపిన పడవ లోపలికి నీరు చేరినా పూర్తిగా మునిగిపోక తేలుతుంది. పెడల్ పడవ చిన్న చెరువులో, గట్టు దగ్గర వినోదానికి చాలును. గాలి ఎదురైతే దానిని తొక్కి ఒడ్డు చేర్చడం కష్టం.

ఇక నేటి యువతను ఎక్కువగా ఆకర్షిస్తున్నది జెట్ స్కీ. 1970 దశకంలో జపాన్‌కు చెందిన కవాసాకి కంపెనీ ఈ పేరుతో తన వాహనాన్ని అమ్మకానికి తెచ్చింది. జిరాక్స్ అన్న వ్యాపారనామం నకలు ప్రతికి పేరైనట్లు, జెట్ స్కీ అన్న వ్యాపారనామం కూడా వ్యవహారంలో జాతివాచకమైంది. మోటారుసైకిలు వలె కూర్చొని నడిపే ఈ వాహనానికి వెలుపల తిరిగే రెక్కలు ఉండవు. అడుగున ఉన్న రంధ్రం గుండా నీటిని పీల్చి, వెనుక గొట్టం గుండా మహావేగంతో చిమ్ముతుంది. ఆ ధార వలననే ముందుకు పోతుంది. ఆ ధార దిశను మార్చడం వలననే మలుపు తిరుగుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఎదురుగా ప్రమాదం కనిపించగానే కొత్తవాడు భయపడి వేగపు మీటను వదిలివేస్తాడు. మీట వదిలితే ధార తగ్గుతుంది. ధార తగ్గితే పిడిని ఎటు త్రిప్పినా వాహనం చాలవరకు మునుపటి దిక్కుకే సాగిపోతుంది. రోడ్డు మీద రక్షించే అలవాటు నీటి మీద కీడు చేస్తుంది. కొన్ని కొత్త రకాలలో దీనికి ఉపాయాలు కల్పించినా, శిక్షణకు అవి ప్రత్యామ్నాయం కావు. తయారీదారులు సాధారణంగా పదహారేళ్ళు నిండనివారిని నడపవద్దని సూచిస్తారు. చిన్నపిల్లలను నడిపేవారి ముందు కూర్చోబెట్టరాదు. వెనుక కూర్చున్నవారి పాదాలు పాదపీఠాన్ని అందుకోవాలి. నడిపేవాడు పడిపోతే యంత్రం ఆగిపోయే విధంగా ఒక త్రాడు ఉంటుంది. దానిని మణికట్టుకు గాని, లైఫ్ జాకెట్టుకు గాని తగిలించుకోకుండా యంత్రాన్ని ప్రారంభించరాదు. లోతు తక్కువైన చోట ఇది ఇసుకను, గుర్రపుడెక్క నారను పీల్చుకొని మొరాయిస్తుంది. మన చెరువుల స్వభావాన్ని, కుటుంబ అవసరాన్ని కలిపి చూచినప్పుడు, జెట్ స్కీ శిక్షణ పొందినవారి క్రీడావాహనమే గాని కుటుంబమంతటి విహారానికి మొదటి ఎంపిక కాజాలదు.

మూడవది, వాహనపు స్థితిని పరిశీలించడం. రంగు చూచి నావను మెచ్చరాదు. ఎంతమందిని, ఎంత బరువును మోయగలదో తెలిపే పలక దానిపై ఉన్నదా? అడుగున పగుళ్ళు, అతుకులు ఉన్నాయా? యంత్రం చల్లగా ఉన్నప్పుడు కూడా ఒకటి రెండు ప్రయత్నాలలో మొదలవుతున్నదా? ఇంధనపు గొట్టాలు బీటలు వారినవా? యంత్రం ఆగిపోతే ఒడ్డు చేరడానికి తెడ్లు ఉన్నాయా? నీటిని తోడిపోయడానికి బకెట్టు, విసరడానికి త్రాడు కట్టిన తేలుడు వలయం, పిలవడానికి ఈల ఉన్నాయా? బాగుచేసే పనివాడు, విడిభాగాలు అందుబాటులో ఉన్నాయా? 1917 నాటి పాత చట్టం స్థానంలో పార్లమెంటు 2021లో అంతర్దేశీయ నౌకల చట్టాన్ని చేసింది. యంత్రంతో నడిచే నౌకల తనిఖీ, రిజిస్ట్రేషన్, నడిపేవారి యోగ్యత మొదలైనవి అందులోని ప్రధానాంశాలు. అనుమతి పత్రాన్ని చూపమని అడగడం అమర్యాద కాదు. అది ప్రయాణికుని హక్కు.

లైఫ్ జాకెట్టు విషయంలో మినహాయింపు లేదు. ఎక్కినవారు ఎందరో జాకెట్లు అన్ని ఉండాలి. పడవలో ఒక మూల పోగువేసిన జాకెట్టు ఎవరినీ కాపాడదు. పెద్దల జాకెట్టు పిల్లవానికి తొడిగితే, నీటిలో పడినప్పుడు అది తలమీదుగా జారిపోతుంది. కనుక శరీరపు బరువుకు తగినది తీసుకొని, పట్టీలన్నీ బిగించి, భుజాల వద్ద పైకి లాగి చూడాలి. జాకెట్టు చెవులదాకా లేచినచో అది వదులైనదని గ్రహించాలి.

ఈ జాగ్రత్తలను అతిశయోక్తులుగా భావించేవారు మూడు దుర్ఘటనలను స్మరించాలి. 2017 నవంబరు 12న, కార్తికమాసపు ఆదివారం నాడు, విజయవాడ సమీపంలోని పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ కృష్ణలో బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ అనే బోటు వరద గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగి ఎన్నో కుటుంబాలను శోకంలో ముంచింది. 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదర నగరంలో, హర్ణీ చెరువులో విహారానికి వచ్చిన పన్నెండుమంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు పడవ తిరగబడి మరణించారు. ఆ పడవలో పరిమితికి మించి ఎక్కించారు. మొదటిది అనుమతిని, రెండవది నీటి స్వభావాన్ని, మూడవది బరువు పరిమితిని ఉపేక్షించిన ఫలితం. మూడవ సంఘటన జరిగింది మహానదిలో కాదు, ఊరి చెరువులో. చెరువే కదా అనే చులకన తగదు.

కొన్నేళ్ళ క్రితం మా విద్యార్థులతో ఒక జలాశయానికి వెళ్ళాను. మేము పన్నెండుగురం. ఉన్న పడవ పదిమందిది. అందరం ఒకేసారి వెళ్తామని పిల్లలు పట్టుబట్టారు. నేనూ వారి పక్షమే వహించి, “ఇద్దరే కదా, సర్దుకుంటారులే” అన్నాను. వయస్సు మళ్ళిన ఆ పడవవాడు తెడ్డు క్రింద పెట్టి, “సారూ, మొగమాటం మనుషులకుంటది, నీళ్ళకుండది. రెండుసార్లు తిప్పుత. పైసలు ఒక్కసారివే ఇయ్యిండ్రి” అన్నాడు. మాకు కొంత కోపం వచ్చింది. చివరకు ఇద్దరు గట్టు మీద ఆగిపోయారు. నడినీటికి చేరేసరికి గాలి లేచింది. నీటికి జానెడు ఎత్తున ఉన్న అంచు అలల ఊపుకు బెత్తెడుకు దిగింది. పిల్లల కేరింతలు ఆగిపోయాయి. ఆ ఇద్దరు కూడా ఎక్కి ఉంటే ఆ బెత్తెడు సైతం మిగిలేది కాదు. ఒడ్డు చేరిన తరువాత ఎవ్వరూ ఏమీ అనలేదు. గట్టు మీద ఆగిన ఇద్దరిని మాత్రం అతడు మాట ప్రకారం గాలి తగ్గిన తరువాత త్రిప్పి తెచ్చాడు. రెండవసారికి ఇవ్వబోయిన డబ్బును తీసుకోలేదు.

ఆనాడు నాకు ఒక సత్యం బోధపడింది. నమ్మదగిన నావకు మూడు లక్షణాలు ఉంటాయి. అది నడిచే నీటికి తగి ఉండాలి. ఎక్కేవారికి తగి ఉండాలి. అన్నిటికంటె ముఖ్యంగా, “ఇక చాలు, ఎక్కవద్దు” అనగలిగిన మనిషి దానికి యజమాని కావాలి. మొదటి రెండింటిని డబ్బుతో కొనవచ్చు. మూడవది నడిపేవాని వివేకం. నావను స్వంతంగా కొన్ననాడు ఆ మనిషి మనమే కావాలి. ఏరు దాటి తెప్ప తగలవేయడం కృతఘ్నుల లక్షణమని సామెత చెబుతుంది. తెప్పను పరీక్షించక ఏరు దాటబూనడం అంతకంటె అవివేకం.

కఠిన పదాలకు అర్థాలు

ఆలవాలం : ఆధారం, నెలవు (చెట్టు పాదు అని మూలార్థం)
పర్యాయపదం : అదే అర్థం గల మరొక పదం
చరితార్థం : సార్థకమైనది
తూము : చెరువు నుండి నీరు విడిచే మార్గం
మోడు : కొమ్మలు పోయి మిగిలిన చెట్టు మొదలు
జాతివాచకం : ఒక జాతికంతటికీ వర్తించే నామవాచకం
ప్రత్యామ్నాయం : బదులుగా వాడదగినది
ఉపేక్షించు : లక్ష్యపెట్టకపోవు
బెత్తెడు : అరచేతి వెడల్పు కొలత

ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. కుటుంబ విహారానికి నావను ఎంచుకొనేటప్పుడు పరిశీలించవలసిన అంశాలను వివరించండి.
2. జెట్ స్కీ పనిచేసే విధానాన్ని, దానిని నడపడంలోని ప్రమాదాన్ని తెలపండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. మన ప్రాంతపు జలాశయాల స్వభావం ఎటువంటిది?
2. లైఫ్ జాకెట్టు సరిపోయినదో లేదో ఎట్లా తెలుసుకోవాలి?
3. రచయిత పేర్కొన్న మూడు దుర్ఘటనల నుండి గ్రహించవలసిన నీతి ఏమిటి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. “మొగమాటం మనుషులకుంటది, నీళ్ళకుండది.”
2. చెరువే కదా అనే చులకన తగదు.

IV. భాషాంశాలు
సంధులు : జలాశయం = జల + ఆశయం (సవర్ణదీర్ఘ సంధి); అతిశయోక్తి = అతిశయ + ఉక్తి (గుణ సంధి); ప్రత్యామ్నాయం = ప్రతి + ఆమ్నాయం (యణాదేశ సంధి)
సమాసాలు : తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును (ద్వంద్వ సమాసం); మహావేగం = గొప్పదైన వేగం (విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం); జలవిహారం = జలమునందు విహారం (సప్తమీ తత్పురుష సమాసం)

V. మీ ఊరి చెరువును ఒకసారి సందర్శించి, అక్కడి నీటి స్వభావాన్ని, వాడుకలో ఉన్న పడవలను గూర్చి ఒక పుటకు మించకుండా వ్యాసం వ్రాయండి.