నమూనా ఇచ్చినవారికి కాగితము అందవలెను

ఉద్దానమనగానే కొబ్బరి, పనస, జీడిపిక్కలు జ్ఞాపకమునకు వచ్చును. 1990వ దశకమునుండి ఆ పేరుతో మూత్రపిండాల వ్యాధి కూడ చేరినది. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో మధుమేహముగాని రక్తపుపోటుగాని లేనివారికి సైతము ఈ వ్యాధి వచ్చుచున్నది. దేశ విదేశాల శాస్త్రజ్ఞులు నీరు, మట్టి, రక్తము పరీక్షించిరి. కారణమిదియేయని నేటివరకు నిర్ధారణ కాలేదు.

వ్యవసాయశాఖకు దీనితో పనియేమని కొందరు అడుగవచ్చును. పనియున్నది. సస్యరక్షణ గురించి చెప్పబోయినచోట రైతులు మొదట వేయు ప్రశ్న, "ఈ పురుగుమందుల వల్లనే గదా బాబూ, కిడ్నీలు పోతన్నాయి?" అని. దీనికి ఔననుటయు, కాదనుటయు రెండును సరికావు. అనుమానింపబడిన వానిలో పురుగుమందు ఒకటి, నిరూపింపబడలేదు. బోరునీటిలోని ఖనిజాలు, నీరు త్రాగక ఎండలో పనిచేయుట, నొప్పిబిళ్ళల వాడకము కూడ అట్టివే.

అనుమానమునకు, నిరూపణకు గల భేదము రైతునకు తెలియనిది కాదు. వరి ఆకులు పసుపుపచ్చబారినచో నత్రజని లోపము కావచ్చును, జింకు లోపము కావచ్చును, మురుగు నిలుచుట కావచ్చును. ఒక మడిలో జింకు వేసి, ప్రక్క మడిని వేయక విడిచి చూచినగాని తేలదు. అన్ని మళ్ళలోను వేసినచో, పైరు పచ్చబడినను దేనివలన పచ్చబడినదో చెప్పలేము. "నేను బాగానే ఉన్నాను గదా, నా రగతమెందుకు?" అని అడుగువారికి జవాబు ఇదియే. ఆరోగ్యవంతుడు ఆ విడిచిన మడివంటివాడు. అతనితో పోల్చినగాని రోగిలోని తేడా బయటపడదు.

అట్లే, రక్తములో క్రియాటినిన్ ఒకసారి ఎక్కువ కనబడినంతమాత్రాన దీర్ఘవ్యాధి యనరాదు. మూడు నెలలు దాటిన పిదప తిరిగి పరీక్షింపవలెను. మూత్రపిండాల శక్తి సగము తగ్గువరకు క్రియాటినిన్ పెరుగకపోవచ్చును. మనిషికి ఏ బాధయు తెలియకపోవచ్చును. అందుచేతనే మరల మరల పరీక్ష. ఈ సంగతి మొదటి రోజుననే చెప్పినచో, రెండవసారి వచ్చినవారిని చూచి జనము విసుగుకొనరు.

శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతులలోను ఇట్టి వ్యాధియే యున్నది. అచ్చటి ప్రభుత్వము 2015లో గ్లైఫోసేట్ కలుపుమందును నిషేధించి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు మరల అనుమతించినది. వ్యాధి కారణము మాత్రము తేలలేదు. ఇట్లు తిప్పి చెప్పవలసి వచ్చిన మాట, అది సరియైనదే యైనను, వినువాడు సగమే నమ్మును.

కారణము తేలువరకు చేతులు ముడుచుకొననక్కరలేదు. మందు చల్లునపుడు చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండవలెను. గాలికి ఎదురుగా చల్లరాదు. జీడితోటలో పనిచేయువారు దాహము వేయకముందే నీరు త్రాగి, నడుమ నీడపట్టున కూర్చుండవలెను. (వ్యాధి యున్నవారు నీటి విషయములో డాక్టరు చెప్పినట్లే నడువవలెను.) డాక్టరు చెప్పనిదే నొప్పిబిళ్ళలు మ్రింగరాదు. 2023 డిసెంబరులో హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీటి పథకము, పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభింపబడినవి.

ఇక గ్రామాధికారులకు. "మా రగతం పట్టుకెళ్ళినోళ్ళే గాని, కాగితం తెచ్చినోళ్ళు నేరు" అను మాట ఆ ప్రాంతమున తరచు వినబడును. ఈ ఫిర్యాదు న్యాయమైనది. నమూనాలకు ఎవరు వచ్చినను, పంచాయతీ కార్యాలయములో ఒక పుస్తకము పెట్టి, వారి పేరు, సంస్థ, తీసిన నమూనాల సంఖ్య, ఫలితము తెచ్చు తేదీ వారిచేతనే వ్రాయించి సంతకము తీసికొనవలెను. ఫలితములు రచ్చబండ వద్ద చదువరాదు. ఊరి పేరు వినగానే పెండ్లి సంబంధాలు వెనుకకు పోవుచోట, ఒకని కాగితము వేరొకని కంటబడుట ఎంత చేటో వేరుగ చెప్పనక్కరలేదు. మూసిన కవరులో అతనికే ఇచ్చి, చదువురానివారికి విడిగా చదివి చెప్పవలెను. గడువు దాటినచో మరునాడే ఆ సంస్థకు ఉత్తరము వ్రాయవలెను. మట్టి నమూనాలకు అదే పుస్తకములో వేరొక పుట కేటాయించవచ్చును.