ఇద్దరు మోయవలసిన భారము

చదువవలసిన భాగములు: ఆదికాండము 25:19–28, మత్తయి 1:18–25



మన సంఘములో ఒక ఇల్లాలు గర్భవతియైనదని తెలిసినప్పుడు అందరమును దేవుని స్తుతింతుము. అది యుక్తమే. అయితే ఆ సంతోషముతోకూడ ఆ యింటిలోనికి వచ్చు దిగులును గూర్చి మనము మాటలాడము. ఈ నెల పాఠము ఆ దిగులును భార్యాభర్తలు ఎట్లు పంచుకొనవలెనో తెలుపును.

1. రిబ్కా కలవరము

ఇస్సాకు నలువది యేండ్లవాడై రిబ్కాను వివాహము చేసికొనెను. అరువది యేండ్లప్పుడు తండ్రి ఆయెను. ఇరువది యేండ్లు కనిపెట్టి, ప్రార్థించి పొందిన వరమది. అయినను శిశువులు గర్భములో పెనుగులాడగా ఆమె కలవరపడెను. కాబట్టి గర్భిణి దిగులుపడినయెడల అది అవిశ్వాసమని ఎవరును తీర్పు తీర్చరాదు. రిబ్కా తన భయమును దేవునియొద్దకు తీసికొనిపోయి జవాబు పొందెను. ఆ జవాబును ఆమె ఇస్సాకుతో చెప్పినట్లు వ్రాయబడలేదు. తరువాత తండ్రి ఒక కుమారుని, తల్లి ఒక కుమారుని పక్షముగా నుండిరి. దానికి ఇదే కారణమని మనము రూఢిగా చెప్పజాలము. అయినను మనస్సులోని మాట పంచుకొనని ఇల్లు ఎట్లుండునో ఇక్కడ చూచుచున్నాము.

2. మన యిండ్లలో

ఒక సంగతి ఆలోచించుడి. ఆళ్లగడ్డ దగ్గరి పల్లెలో ఒక యువతి తొలిచూలుతో పుట్టింటనున్నది. భర్త నంద్యాలలో కూలిపని చేయుచున్నాడు. శనగ పంటకు తెచ్చిన అప్పు, ఆసుపత్రి ఖర్చు అతని మనస్సులో మెదలుచున్నవి. రాత్రివేళ నొప్పులు వచ్చి, నంద్యాల పెద్దాసుపత్రికి పొమ్మన్నయెడల దాదాపు 40 కిలోమీటర్లు ఎట్లు పోవుదునని ఆమె భయము. ఆమెకు దిగులెందుకని అతడు చెప్పడు. ఆయనకు కష్టమెందుకని ఆమె చెప్పదు. ఇద్దరును ప్రేమచేతనే మౌనముగా నుందురు. కాని అతని మౌనము ఆమెకు నిర్లక్ష్యముగాను, ఆమె మౌనము అతనికి అలుకగాను తోచును.

ఇది కొద్దిమంది బాధ కాదు. వర్ధమాన దేశములలో గర్భిణులలో నూటికి దాదాపు 16 మంది, ప్రసవించిన తల్లులలో దాదాపు 20 మంది మనోవ్యాధితో, ముఖ్యముగా క్రుంగుదలతో, బాధపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది.

3. యోసేపు మాదిరి

యోసేపు పలికిన మాట ఒక్కటైనను సువార్తలలో లేదు. ఆయన చేసిన పనులే ఉన్నవి. జనుల మాటకు వెరువక మరియను చేర్చుకొనెను. బేత్లెహేము ప్రయాణములో తోడుండెను. అపాయము తెలిసిన రాత్రియే లేచి తల్లిని బిడ్డను ఐగుప్తునకు తీసికొనిపోయెను. మరియయు ఒంటరిగా నుండక, ఎలీసబెతు ఇంట దాదాపు మూడు నెలలుండెను.

4. మనము చేయదగినవి

ప్రతి సాయంకాలము పావుగంట కూర్చుండి మాటలాడుకొనుడి. దూరముననున్నయెడల ఫోనులో మాటలాడి, కలిసి ప్రార్థించుడి. "లోకములో ఆడవారందరు కనుటలేదా?" అని భర్త ఆమె నోరు మూయించరాదు. మొదట వినవలెను.

ఖర్చు దాచక ఇద్దరును లెక్క వ్రాసికొనుడి. ఏ ఆసుపత్రికి పోవుదుము, ఎవరు తోడు వత్తురు అని ముందుగా నిర్ణయించుడి. 108 బండి ఉచితముగా వచ్చును. నిర్ణయము జరిగినప్పుడు సగము భయము తొలగును.

పరీక్షలకు వీలైనంతవరకు ఇద్దరును పోవుడి. గర్భకాలములో ఎనిమిది మారులైనను ఆరోగ్య సిబ్బందిని కలియవలెనని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించెను. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగు ఏర్పాటును ఆ సంవత్సరమే మన దేశములో ఆరంభించిరి.

నీళ్లు మోయుట, బరువులెత్తుట భర్త చేయవలెను. దానివలన పురుషునికి అవమానము లేదు. తన దిగులును సారాయిలో ముంచువాడు భార్య భారమును రెండింతలు చేయుచున్నాడు. గర్భిణిమీద చేయిచేసికొనుట రెండు ప్రాణముల యెడల పాపము.

అత్తమామలారా, మగబిడ్డనే కనవలెనని కోడలిని నొప్పింపకుడి. బిడ్డ ఆడయో మగయో తండ్రి బీజమునుబట్టియే యుండును.

రెండు వారములకు మించి ఏడ్పు, నిద్రలేమి, దేనియందును ఆసక్తి లేకపోవుట ఉన్నయెడల ఆశా కార్యకర్తతోగాని వైద్యునితోగాని చెప్పుడి. 14416 నంబరుకు ఫోను చేసినను ఉచితముగా సలహా దొరకును. చావవలెనను తలంపు పలికినయెడల ఆమెను ఒంటరిగా విడువక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవుడి. ప్రార్థన చేయువారు వైద్యము మానుకొననక్కరలేదు; రెండును దేవుని ఈవులే.

5. ఆలోచించుటకు ప్రశ్నలు

(అ) నేను నా భార్యకు, లేక భర్తకు, చెప్పక దాచిన భయమేది?

(ఆ) మన సంఘములో పుట్టిల్లు లేని గర్భిణికి ఎలీసబెతువలె ఎవరుందురు?

ప్రార్థన: తండ్రీ, మా భయములను నీ యెదుటను, ఒకరి యెదుట ఒకరును దాచకుండునట్లు కృప దయచేయుము. బిడ్డ రాకముందే మా ఇంటిలో సమాధానము నుంచుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.