డేటాబేస్ నిర్వహణ: ఇన్‌స్టలేషన్ నుంచి అప్‌గ్రేడ్ వరకు



రైలు టికెట్ తీసుకున్నా, బ్యాంకులో డబ్బు వేసినా, పరీక్ష ఫలితాలు చూసుకున్నా మన వివరం ఎక్కడో ఒక డేటాబేస్‌లో ఒక వరుసగా చేరుతుంది. ఆ వరుస చెడిపోతే సామాన్యుడికి తెలిసేది ఒక్కటే: కౌంటర్ దగ్గర ‘మీ పేరు లిస్టులో లేదమ్మా’ అన్న మాట. ఆ మాట ఎవరికీ వినపడకుండా చూసే ఉద్యోగే డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్. క్లుప్తంగా డీబీఏ అంటారు.

డిగ్రీ, బీటెక్ పూర్తిచేసిన మన పిల్లల్లో ఎక్కువమంది ప్రోగ్రామింగ్ కోర్సుల వైపే వెళుతున్నారు. డేటాబేస్ నిర్వహణ వైపు చూసేవారు తక్కువ. చూసినవారు కూడా సాఫ్ట్‌వేర్ ఎక్కించడం రాగానే పని వచ్చిందనుకుంటారు. ఎక్కించడం ఒక పూటలో అయిపోతుంది. ఏ మార్పు చేసినా, అది బెడిసికొడితే వెనక్కి ఎలా రావాలో ముందే తెలిసి ఉండటమే ఈ వృత్తిలో అసలు విద్య. ఇన్‌స్టలేషన్, కాన్ఫిగరేషన్, అప్‌గ్రేడ్ అనే మూడు పనులనూ ఈ పాఠంలో ఆ దృష్టితోనే చూద్దాం.

రిలేషనల్ డేటాబేస్ అంటే ఏమిటి?

1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ అనే శాస్త్రవేత్త సమాచారాన్ని పట్టికలుగా అమర్చే పద్ధతిని ఒక పరిశోధన పత్రంలో ప్రతిపాదించాడు. నేటి పెద్ద డేటాబేస్‌లలో చాలావాటికి మూలం అదే.

స్కాలర్‌షిప్‌లు ఇచ్చే ఒక సంస్థను ఉదాహరణగా తీసుకోండి. విద్యార్థుల పేర్లు ఒక పట్టికలో, కాలేజీలు మరో పట్టికలో, చెల్లింపులు ఇంకో పట్టికలో ఉంటాయి. ప్రతి విద్యార్థికీ ఒక నంబరు ఉంటుంది. చెల్లింపుల పట్టికలో పేరు, ఊరు మళ్లీ రాయరు, ఆ నంబరు మాత్రమే రాస్తారు. విద్యార్థి ఊరు మారితే ఒక్కచోట దిద్దితే చాలు. లేని విద్యార్థి నంబరుతో చెల్లింపు రాయబోతే డేటాబేసే ఒప్పుకోదు.

మరో గుణం ట్రాన్సాక్షన్. నిధి ఖాతాలోంచి రూ. 5,000 తీసి విద్యార్థి ఖాతాలో వేయాలి. మధ్యలో కరెంటు పోతే? రెండు పనులూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. ఈ హామీ ఇవ్వగలదు కాబట్టే బ్యాంకులు దీన్ని నమ్ముతాయి.

ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్, ఐబీఎం డీబీ2, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఈ కోవలోవే. ఈ పాఠానికి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ను తీసుకుందాం. 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వంలో మొదలైన ప్రాజెక్టు నుంచి ఇది వచ్చింది. లైసెన్సు రుసుము లేదు. అందరూ పోస్ట్‌గ్రెస్ అనే పిలుస్తారు. ఇక్కడ నేర్చుకున్న పద్ధతి ఒరాకిల్‌లోనూ పనికొస్తుంది. ఆదేశాల పేర్లు మారతాయి, జాగ్రత్తలు మారవు.

మొదటి పని: ఇన్‌స్టలేషన్

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర మీద వచ్చే ప్రశ్నలకు ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోవడం చాలామంది అలవాటు. వాటిలో కొన్ని నిర్ణయాలను తర్వాత తేలిగ్గా మార్చలేం. అందుకే ముందు కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోవాలి.

ఒకటి, డేటా ఏ డిస్కులో ఉంటుంది? ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కులోనే డేటా పెడితే, ఒకటి నిండినప్పుడు రెండూ ఆగిపోతాయి.

రెండు, ఏ యూజర్ పేరుతో నడుస్తుంది? లినక్స్‌లో సర్వాధికారాలూ ఉన్న రూట్ యూజర్‌తో నడపబోతే పోస్ట్‌గ్రెస్ మొదలే కాదు. దానికి వేరే యూజర్ ఉండాలి.

మూడు, చెక్‌సమ్‌లు ఉన్నాయా? డిస్కు లోపంతో డేటా పేజీ పాడైతే దాన్ని చదివేటప్పుడు పట్టిచ్చేవి ఇవే. 18వ వెర్షన్ నుంచి ఇవి వాటంతటవే అమలవుతాయి. అంతకుముందు వెర్షన్లలో మనమే అడగాలి.

నాలుగు, అక్షరాల ఎన్‌కోడింగ్ ఏది? తెలుగువారికి ఇది ముఖ్యం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘రహీమ్’ అన్న పేరులో ర, హ, దీర్ఘం, మ, పొల్లు కలిపి 5 సంకేతాలున్నాయి. అంటే 15 బైట్లు. పోస్ట్‌గ్రెస్‌లో పేరుకు 10 అని హద్దు పెడితే 10 సంకేతాలని అర్థం, కాబట్టి ఈ పేరు పడుతుంది. ఒరాకిల్‌లో మనం వేరే చెప్పకపోతే అదే 10ని బైట్లుగా లెక్కిస్తుంది, పేరు పట్టదు. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే పరీక్షించి వదిలేస్తే ఈ చిక్కు మొదటి తెలుగు దరఖాస్తు వచ్చిన రోజున గానీ బయటపడదు. పోస్ట్‌గ్రెస్‌లో ఒకసారి ఏర్పరచిన డేటాబేస్ ఎన్‌కోడింగ్‌ను మార్చడానికి వీల్లేదు. డేటా అంతా బయటికి తీసి కొత్త డేటాబేస్‌లో పోయాల్సిందే.

రెండో పని: కాన్ఫిగరేషన్

ముందుగా తలుపుల సంగతి. ఇన్‌స్టాల్ చేసిన పోస్ట్‌గ్రెస్ 5432 పోర్టులో, అదే యంత్రం నుంచి వచ్చే పిలుపులకు మాత్రమే పలుకుతుంది. బయటి యంత్రాలను అనుమతించాలంటే రెండు చోట్ల మార్చాలి: ఏ చిరునామాలో వినాలో ఒకచోట, ఎవరిని ఏ పద్ధతిలో లోపలికి రానివ్వాలో మరోచోట. రెండోదానిలో ‘ట్రస్ట్’ అనే పద్ధతి ఉంది. దాని అర్థం, ఆ దారిలో వచ్చినవారిని పాస్‌వర్డ్ అడగకుండా రానివ్వమని. పని తొందరలో ‘తాత్కాలికంగా’ పెట్టిన ట్రస్ట్ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. దాన్ని అలవాటు చేసుకోవద్దు.

తర్వాత జ్ఞాపకశక్తి, అంటే మెమరీ. ‘షేర్డ్ బఫర్స్’ విలువ మొదట 128 ఎంబీ ఉంటుంది. డేటాబేస్‌కే కేటాయించిన యంత్రంలో మొత్తం మెమరీలో నాలుగో వంతుతో మొదలుపెట్టడం మంచి పద్ధతి. 16 జీబీ యంత్రంలో 4 జీబీ.

‘వర్క్ మెమ్’ దగ్గర జాగ్రత్త కావాలి. దాని మొదటి విలువ 4 ఎంబీ. ఒక ప్రశ్న నెమ్మదిగా నడుస్తోందని దాన్ని 64 ఎంబీ చేశారనుకోండి. ఆ విలువ యంత్రం మొత్తానికి కాదు, ప్రతి ప్రశ్నలోని ప్రతి సార్టింగ్ పనికీ విడివిడిగా వర్తిస్తుంది. 100 మంది ఒకేసారి, ఒక్కొక్కరు రెండేసి అలాంటి పనులు చేయిస్తే 12,800 ఎంబీ. పైన 4 జీబీ ఎలాగూ పోయింది. 16 జీబీ యంత్రంలో ఇక ఏం మిగలదు. మామూలు రోజుల్లో బాగా నడిచిన సర్వర్ దరఖాస్తుల చివరి తేదీన కుప్పకూలడానికి ఇలాంటి లెక్కలు కారణమవుతాయి.

కాబట్టి ఒక్కసారికి ఒక్క విలువే మార్చండి. పాత విలువ, కొత్త విలువ, తేదీ, కారణం నోటుబుక్కులో రాయండి. ఏ మార్పుకు సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాలో, దేనికి ఫైలు మళ్లీ చదివిస్తే చాలో తెలుసుకోండి. షేర్డ్ బఫర్స్ మార్పుకు రీస్టార్ట్ తప్పదు. వర్క్ మెమ్‌కు అక్కర్లేదు.

మధ్యలో ఒక హెచ్చరిక: బ్యాకప్

అప్‌గ్రేడ్‌లోకి వెళ్లేముందు ఒక నిజమైన ఘటన తెలుసుకోవాలి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు రెండో సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌ను ఖాళీ చేయబోయి, అసలు సర్వర్‌లోని ఫోల్డర్‌ను చెరిపేశాడు. దాదాపు 300 జీబీ పోయింది. బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని వెతికితే అవి ఉండాల్సిన చోట ఏమీ లేదు. డేటాబేస్ 9.6 వెర్షన్‌లో నడుస్తుంటే బ్యాకప్ తీసే ‘పీజీ డంప్’ మాత్రం 9.2 వెర్షన్‌ది. పాత పీజీ డంప్ కొత్త సర్వర్‌ను చదవదు. అది రోజూ విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. వేరే అవసరం కోసం సుమారు ఆరు గంటల ముందు తీసిన ఒక నకలు ఉండబట్టి బతికారు. ఆ ఆరు గంటల్లో చేరిన సమాచారం మాత్రం పోయింది. ఆ సంస్థ ఇదంతా దాచకుండా ప్రపంచానికి చెప్పింది. అందువల్లే మనం నేర్చుకోగలుగుతున్నాం.

దీని నుంచి తీసుకోవాల్సిన పాఠాలు మూడు. వేరే యంత్రంలో తిరిగి పోసి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కించకూడదు. వెర్షన్ మార్చిన రోజునే బ్యాకప్ పనిముట్లనూ సరిచూడాలి. బ్యాకప్ అయిందన్న కబురు రాకపోతే, కాలేదనే అనుకోవాలి.

ఇంకో లెక్క. రోజూ రాత్రి 2 గంటలకు బ్యాకప్ తీస్తే, మర్నాడు రాత్రి 8 గంటలకు డిస్కు పోయినప్పుడు 18 గంటల పని పోతుంది. ప్రతి మార్పునూ ముందుగా నమోదు చేసే ‘వాల్’ లాగ్ ఫైళ్లను వేరే చోటికి ఎప్పటికప్పుడు పంపిస్తుంటే ఆ నష్టం నిమిషాలకు తగ్గుతుంది. అలాగే, పీజీ డంప్ ఒక డేటాబేస్‌లోని సమాచారాన్నే తీస్తుంది. యూజర్లను, వారి పాస్‌వర్డ్‌లను తీయదు. వాటిని ‘పీజీ డంప్ ఆల్’తో విడిగా తీసుకోవాలి.

మూడో పని: అప్‌గ్రేడ్

పోస్ట్‌గ్రెస్‌కు ఏడాదికో పెద్ద వెర్షన్ వస్తుంది. ఒక్కోదానికి ఐదేళ్లు మద్దతు ఉంటుంది. తర్వాత భద్రతా లోపాలకు దిద్దుబాట్లు రావు. కనుక ‘నడుస్తోంది కదా, కదిలించడమెందుకు’ అన్న మాట ఎల్లకాలం చెల్లదు.

16.2 నుంచి 16.3కు వెళ్లడం చిన్న మార్పు. ప్రోగ్రామ్ ఫైళ్లు మార్చి రీస్టార్ట్ చేస్తే సాధారణంగా సరిపోతుంది. 16 నుంచి 17కు వెళ్లడం పెద్ద మార్పు. డేటాను కొత్త వెర్షన్‌కు తగినట్టు మార్చాలి. దీనికి ‘పీజీ అప్‌గ్రేడ్’ అనే పనిముట్టు ఉంది. ముందు ‘చెక్’ పద్ధతిలో నడిపితే ఏ మార్పూ చేయకుండా అడ్డంకులు చెబుతుంది.

ఇందులో రెండు దారులున్నాయి. కాపీ దారిలో పాత డేటా చెక్కుచెదరకుండా ఉంటుంది. అయితే 200 జీబీ డేటాకు మరో 200 జీబీ జాగా, ఎక్కువ సమయం కావాలి. లింక్ దారిలో పాత, కొత్త సర్వర్లు రెండూ అవే ఫైళ్లను పంచుకుంటాయి. పని త్వరగా ముగుస్తుంది. కానీ కొత్త సర్వర్‌ను ఒకసారి నడిపాక పాతదాన్ని మళ్లీ నడపకూడదు. అప్పుడు మిగిలే దారి బ్యాకప్ ఒక్కటే.

కాపీ దారిలో కూడా ఒక గీత ఉంది. కొత్త సర్వర్‌లో ప్రజలు వివరాలు రాయడం మొదలుపెట్టాక వెనక్కి వెళితే ఆ కొత్త వివరాలు పోతాయి. అందుకే పరీక్షలన్నీ తలుపులు తెరవకముందే ముగించాలి. ‘ఉదయం 4 లోపు ఈ పరీక్షలు నెగ్గకపోతే పాతదానికి వెళ్లిపోతాం’ అని ముందే రాసుకోవాలి. నిద్ర లేని తెల్లవారుజామున తీసుకునే నిర్ణయం కన్నా పగటిపూట ప్రశాంతంగా రాసుకున్న నిర్ణయం నయం.

అప్‌గ్రేడ్ అయ్యాక పట్టికల గణాంకాలను మళ్లీ సేకరించాలి. లేకపోతే ప్రశ్నలు నత్తనడక నడుస్తాయి. 18వ వెర్షన్‌కు వెళ్లేటప్పుడు వాటిలో చాలావరకు వెంట వస్తాయి.

ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినప్పుడు మరో ప్రమాదం ఉంది. లినక్స్‌లో అక్షరక్రమాన్ని నిర్ణయించే జీలిబ్‌సీ అనే భాగం 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌తో ఆ క్రమాన్ని బాగా మార్చింది. పాత క్రమంలో కట్టిన ఇండెక్స్‌లను కొత్త క్రమంలో వెతికితే ఉన్న పేరు కూడా లేదనిపించవచ్చు. పట్టికలో పేరు ఉంటుంది, వెతికితే దొరకదు! అలాంటి మార్పు జరిగితే అక్షరాల మీద కట్టిన ఇండెక్స్‌లను మళ్లీ కట్టాలి.

ఇంట్లోనే సాధన

ఖరీదైన కోర్సులో చేరేముందు ఎనిమిది వారాలు ఇంట్లో సాధన చేయవచ్చు. 8 జీబీ మెమరీ ఉన్న పాత కంప్యూటర్, ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్, లినక్స్ చాలు.

మొదటి రెండు వారాలు ఇన్‌స్టలేషన్. చేసి, తీసేసి, నోటుబుక్కు చూసుకుంటూ మళ్లీ చేయండి. పైన చెప్పిన స్కాలర్‌షిప్ పట్టికలు కట్టి, ఊహించిన పేర్లను తెలుగులో నింపండి. మూడు, నాలుగు వారాలు కాన్ఫిగరేషన్. రెండో వర్చువల్ యంత్రం నుంచి పాస్‌వర్డ్‌తో లోపలికి రండి. ఐదు, ఆరు వారాలు బ్యాకప్. డేటా ఫోల్డర్‌ను కావాలనే చెరిపి, గడియారం పెట్టుకుని తిరిగి తెచ్చుకోండి. ఎంతసేపు పట్టిందో రాయండి. ఏడో వారం పాత వెర్షన్ నుంచి కొత్తదానికి వెళ్లండి. ఎనిమిదో వారం అదే అప్‌గ్రేడ్‌ను సగంలో ఆపి, పాతదానికి క్షేమంగా వెనక్కి రండి.

కోర్సులో చేరదలచిన పిల్లల తల్లిదండ్రులకూ ఒక సూచన. ఫీజు కట్టేముందు ఆ శిక్షణ సంస్థను ఒక్క ప్రశ్న అడగండి: ‘చెడిపోయిన డేటాబేస్‌ను మా పిల్లలచేత వాళ్ల చేతులతో బాగు చేయిస్తారా?’ ‘స్లైడ్లు చూపిస్తాం’ అంటే ఆ డబ్బు దాచుకోండి.

ఇంటర్వ్యూలో ‘అప్‌గ్రేడ్ విఫలమైతే ఏం చేస్తావు?’ అని అడుగుతారు. ఎనిమిదో వారం చేసినవారు ఆ నోటుబుక్కులోని తేదీ, సమయం, చేసిన పని వరసగా చెప్పగలరు. బట్టీ పట్టినవారు చెప్పలేరు.

ఇతరుల సొమ్మును దాచిపెట్టడాన్ని మన ఇళ్లలో అమానత్ అంటాం. డీబీఏ చేతిలో ఉండేది కూడా అలాంటిదే. ఆ వరుసల్లో ఉన్న పేర్లు, మార్కులు, డబ్బు అతనివి కావు. ఎవరు ఎప్పుడు వచ్చి అడిగినా, ఎలా అప్పగించారో అలా తిరిగి చూపించగలగాలి. ఈ వేసవి సెలవుల్లోనే మొదటి వారం మొదలుపెట్టండి.