పెరటి గోంగూర నుంచి నలభై ఇళ్ళ సంచుల దాకా

గుడిలో కలిసినప్పుడల్లా చాలామంది అడుగుతున్నారు: "రెండెకరాలు కౌలుకి తీసుకుని మన కూరగాయలు పండిస్తున్నారు కదా, దాన్నే వ్యాపారంగా పెంచొచ్చా?" పెంచొచ్చు. మేము చేసిన తప్పు మీరు చెయ్యకూడదనే ఈ పాఠం రాస్తున్నాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. అలబామాలోని టస్కీగీలో పనిచేసిన బుకర్ టి. వాట్లీ అనే ఉద్యాన శాస్త్రవేత్త, చిన్న రైతు బతకాలంటే దళారిని వదిలేసి కుటుంబాలనే సభ్యులుగా చేర్చుకోవాలన్నారు. సభ్యులు రుసుము కట్టి, పొలానికి వచ్చి తామే కోసుకుంటారు. 25 ఎకరాల పొలానికి ఆయన వేసిన లెక్కలు 1987లో పుస్తకంగా వచ్చాయి. కనీసం 50,000 జనాభా ఉన్న ఊరికి 40 మైళ్ళ లోపు, గట్టి రోడ్డు పక్కన పొలం ఉండాలన్నది ఆయన నియమాల్లో ఒకటి. ఆ రోడ్డు మాట విలువ మాకు బాగా తెలుసు. మా మట్టిదారిలో వానొస్తే కార్లు దిగబడతాయి.

1986లో మసాచుసెట్స్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ పొలం ఇంకో పద్ధతి మొదలుపెట్టాయి. (పేరులో టెంపుల్ ఉందని గుడి అనుకునేరు, అది ఊరి పేరు!) సభ్యులు విత్తనం వెయ్యకముందే డబ్బు కడతారు. రైతుకి అప్పు లేకుండా పెట్టుబడి దొరుకుతుంది. పంట బాగుంటే సంచి నిండుతుంది, పోతే ఆ నష్టం అందరూ పంచుకుంటారు. దీన్నే సీఎస్‌ఏ అంటారు.

మేమూ అదే చేశాం. మొదటి ఏడు 12 ఇళ్ళు, హాయిగా గడిచింది. ఆ ధీమాతో రెండో ఏడు 40 ఇళ్ళు చేర్చుకున్నాం. వారానికి 25 డాలర్లు, 20 వారాలు, అంటే 20,000 డాలర్లు మార్చిలోనే చేతికొచ్చాయి. జులైలో వారం రోజులు విడవకుండా వాన పడింది. దోసతీగలు కుళ్ళిపోయాయి, టమాటాకి తెగులు పట్టింది. మిగిలింది సొరకాయలు. మూడు వారాలు సొరకాయలే ఇవ్వడానికి మొహం చెల్లక, మార్కెట్లో టమాటాలు కొని సంచుల్లో కలిపాం. ఎవరికీ చెప్పలేదు.

ఒక టమాటా మీద స్టిక్కరు అలాగే ఉండిపోయింది. ఆదివారం దర్శనమయ్యాక ఒక పిన్నిగారు దాన్ని నా చేతిలో పెట్టి, "పంట పోయిందంటే మేమేమన్నా అంటామా అమ్మా? చెప్పకుండా కొని పెడితే ఎలా?" అన్నారు. ఆ సాయంత్రం నలభై ఇళ్ళకీ ఫోన్ చేసి చెప్పాం. ఏడు కుటుంబాలు మిగిలిన వారాల డబ్బు వెనక్కి అడిగాయి, ఇచ్చేశాం.

ఆ రాత్రి పంట పుస్తకం తీసి చూస్తే తప్పు కనిపించింది. అన్నిటికన్నా మంచి వారంలో ఎన్ని సంచులు నిండాయో చూసి సభ్యుల్ని చేర్చుకున్నాం. చూడాల్సింది చెడ్డ వారం. అలా చూస్తే మా రెండెకరాలు మోయగలిగేది 28 ఇళ్ళనే. ఇప్పుడు డబ్బు తీసుకునే ముందే ఒక పేజీ రాసి సంతకాలు పెట్టుకుంటున్నాం: ఏ పంట పోతే ఏం జరుగుతుంది, బయట కొన్నది కలపాల్సి వస్తే ఆ మాట సంచి మీదే రాస్తాం.

ఇక చట్టం. 2011 నాటి ఆహార భద్రత చట్టం కింద వచ్చిన పంట నియమం, మూడేళ్ళ సగటున 25,000 డాలర్ల లోపు (ఈ అంకెను ద్రవ్యోల్బణాన్ని బట్టి సవరిస్తారు) పంట అమ్మేవారికి వర్తించదు. అయినా శుభ్రమైన నీళ్ళు, చేతులు కడుక్కునే చోటు లేకుండా మొదలుపెట్టకండి.

పచ్చళ్ళ దగ్గరే మనవాళ్ళు తొందరపడతారు. న్యూజెర్సీలో 2021 నుంచి ఇంట్లో వండి అమ్మడానికి అనుమతి ఇస్తున్నారు గాని, ఫ్రిజ్ అక్కర్లేని పదార్థాలకే. సీసాలో పెట్టిన పచ్చడికి పీహెచ్ 4.6 కన్నా పైన ఉంటే బొటులిజం క్రిమి విషం పుట్టించగలదు. గోంగూర పులుపే, కానీ అందులో వేసే వెల్లుల్లి పులుపు కాదు. నూనెలో మునిగితే దానికి గాలీ తగలదు. ఆ క్రిమికి కావలసింది అదే. అమ్మమ్మ చేతి కొలత మన ఇంటికి చాలు, అమ్మకానికి పీహెచ్ మీటరు, నిపుణుల పరీక్ష కావాలి. "గుడి వంటశాల ఉంది కదా" అన్నారు కొందరు. దానికున్న అనుమతి గుడి వంటకి. మన అమ్మకానికి ఆరోగ్య శాఖనీ, బీమా వాళ్ళనీ విడిగా అడగాల్సిందే.

పెరగడమంటే ఎకరాలు పెంచడమే కానక్కర్లేదు. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత చిన్న రైతులు, బీడు భూముల్ని సాగులోకి తెచ్చుకున్నారు. అందుకు తీసుకున్న అప్పుని జొన్నలుగా తీర్చారు. ఆ జొన్నలతో ఊళ్ళోనే ధాన్య నిధి పెట్టి పేద ఇళ్ళకి తక్కువ ధరకి ఇచ్చారు. జహీరాబాద్‌లో చిరుధాన్యాల వంటలకి కెఫే ఎత్నిక్ అనే హోటలూ నడిచింది. 2019లో వారికి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళు ముందు తమ ఊరి కడుపు నింపి, తరువాతే హోటలు పెట్టారు. మేము ఆ వరస తిరగేసి, అప్పుడే సీసాల లేబుళ్ళు కూడా అచ్చు వేయించాం. అవి ఇంకా గరాజులో ఉన్నాయి.

ఏప్రిల్‌లో గోంగూర గింజలు ఇంట్లో ట్రేలలో వేస్తాం. మే సగం దాటి, మంచు భయం పోయాకే నేలలో నాటుతాం. ఈసారి 28 ఇళ్ళే. ఇరవై రెండు పేర్లు వచ్చాయి, అందులో మొదటిది ఆ పిన్నిగారిది.