గంజాయి దేహమునందును మనస్సునందును చేయు పని

గంజాయిని గూర్చి మన దేశమున రెండు మాటలు చిరకాలమునుండి వినవచ్చుచున్నవి. అది శివునకు ప్రీతియైన మూలిక యనియు, దాని పొగ పీల్చినవానికి చిత్తము నిలుచుననియు బైరాగులు చెప్పుదురు. ఒక్కమాఱు పీల్చినవాడు పిచ్చివాడు కాక మానడని ఇంటి పెద్దలు బెదరింతురు. ఈ రెండును నిజములు కావు. రెండవది మంచి తలంపుతో చెప్పబడునదే యైనను, అపాయకరమైనది. ఏలయన, తన స్నేహితుడు పీల్చి మఱునాడు యథాప్రకారముగా బడికి వచ్చుటను కన్నులార చూచిన బాలుడు పెద్దలు చెప్పినదంతయు కల్లయని తలంచి, అందులోని నిజమునుగూడ త్రోసివేయును.

మొక్క యొకటియే. ఆకులను నూఱి పాలతోను పంచదారతోను కలిపి త్రాగునది భంగు. ఆడుమొక్క పూతకంకులను ఎండబెట్టి చిలుములో వేసి పీల్చునది గంజాయి. ఆ మొక్క జిగురును కూర్చి చేయునది చరసు. మత్తు ముఖ్యముగా జిగురునందే యుండుటచేత భంగుకంటె గంజాయియు, గంజాయికంటె చరసును బలమైనవి. 1985వ సంవత్సరపు మాదకద్రవ్యముల చట్టము గంజాయిని, చరసును నిషేధించెను గాని, పూతకంకులు లేని ఒట్టి ఆకును గంజాయి నిర్వచనములో చేర్చలేదు. కాశీ మొదలగు చోట్ల భంగు అంగళ్లు బహిరంగముగా నడచుట అందువలననే. చట్టము వేఱుచేసినంతమాత్రమున దేహముకూడ వేఱుచేయునని తలంపరాదు.

మత్తునకు మూలమైన ద్రవ్యమును 1964లో ఇజ్రాయేలు దేశమున రఫాయెల్ మెషూలమ్, యెహియేల్ గావోనీ అను రసాయనశాస్త్రజ్ఞులు శుద్ధరూపమున వేఱుచేసి దాని నిర్మాణమును నిర్ణయించిరి. దానికి టెట్రాహైడ్రోకన్నాబినాల్ అని పేరు. క్లుప్తముగా టీహెచ్‌సీ యందురు. అది పోయి అంటుకొను స్థానములు మెదడునందు గలవని 1988లో అమెరికాలోని పరిశోధకులు కనుగొనిరి. ఒక చెట్టు జిగురునకు మన మెదడులో ముందుగానే చోటు సిద్ధముగా నుండుట ఏల? దీనికి 1992లో సమాధానము దొరకెను. మెదడు తనంతట తానే చేసికొను ద్రవ్యమొకటి ఆ స్థానములకు చెందినదే యుండెను. దానిని కనుగొన్నవారు మన సంస్కృతశబ్దమైన ఆనందమును గ్రహించి ఆనందమైడ్ అని దానికి పేరిడిరి.

ఈ ద్రవ్యము చేయు పనిని కాలువ తూముతో పోల్చి చెప్పవచ్చును. ఒక నరకణము మఱియొక కణమునకు వార్త పంపునపుడు, వార్త అధికమైనచో, అందుకొను కణము కొంచెము ఆనందమైడువంటి ద్రవ్యమును వెనుకకు పంపి, ఇక చాలునని తెలుపును. లస్కరు నీటిని చూచి ఒక్క తూము తలుపును కొంత దింపి, మరల ఎత్తినట్లు ఈ పని ఒక్క చోటను, క్షణకాలమును మాత్రము జరుగును. గంజాయి పీల్చినప్పుడో, ఎవడో వచ్చి కాలువ పొడవునను గల తూములన్నింటిని ఒకేమాఱు దింపి, కొన్ని గంటలు అట్లే విడిచిపోయినట్లగును. ఏ చేనికి నీరు కావలయునో, ఏ చేనికి వలదో విచారించువాడు లేడు.

జ్ఞాపకమును నిలుపు భాగమునందు ఈ స్థానములు దట్టముగా నుండుటచేత, మత్తులోనున్నవాడు ప్రారంభించిన వాక్యమును ముగింపకయే దాని మొదలు మఱచును. చిన్నమెదడునందుండుటచేత నడకయు చేతిపట్టును తడబడును. ఆ స్థితిలో బండి నడుపుట తనకును పరులకును ప్రాణాపాయము. కాలము సాగినట్లు తోచును. పది నిమిషములు గంటవలె నుండును. బైరాగి చిత్తము నిలిచినదని చెప్పునది చాలవఱకు ఇదియే. ఎదుటి వస్తువునుండి మనస్సు కదలలేకపోవుటకును, కదలగలిగియు నిలుచుటకును గల భేదమును ధ్యానము చేయువారు ఎఱుగుదురు.

దేహమునందు గుండె వేగము హెచ్చును. కొందఱికి నిమిషమునకు ఇరువదినుండి యేబదివఱకు అధికముగా కొట్టుకొనును. కన్నులెఱ్ఱబడును, నోరెండును, ఆకలి పెరుగును. శ్వాసను నడుపు భాగమునందు ఈ స్థానములు మిక్కిలి తక్కువగుటచేత, నల్లమందు మితిమీరినవానివలె ఊపిరి నిలిచి చనిపోవుట సామాన్యముగా లేదు. పొగ కొలది నిమిషములలో పనిచేయును. త్రాగిన భంగునకు అరగంటనుండి రెండు గంటలు పట్టును. ఏమియు కాలేదని మఱియొక లోటా త్రాగినవాడు అందువలననే హోలీనాడు ఆసుపత్రి చేరును. ఈ ద్రవ్యము క్రొవ్వునందు నిలుచునది గనుక, నిత్యము వాడినవాని మూత్రమునందు వారములతరబడి దాని చిహ్నములు కనబడును. నిత్యము పొగ పీల్చుటవలన దగ్గును కఫమును పట్టుకొనును.

ఇక పిచ్చిమాట. 1893లో ప్రభుత్వమువారు ఈ విషయమున ఒక కమీషనును నియమించిరి. అది వేయికి పైబడిన సాక్షులను విచారించి, పిచ్చాసుపత్రుల పట్టికలను తిరుగవేసెను. 1892లో చేరినవారిలో 222 మందికి గంజాయియే కారణమని వ్రాయబడియుండెను. ఆ వ్రాత ఎట్లు వచ్చెనని చూడగా, చాలచోట్ల వైద్యుని పరీక్షవలన గాక, రోగిని పట్టి తెచ్చిన పోలీసుల కాగితమునుండి దిగినదని తేలెను. ఒక్కొక్కరిని గూర్చి మరల విచారింపగా 98 మంది మిగిలిరి. మితముగా వాడుటవలన మనస్సునకు హాని కలుగదనియు, మితిమీరినచో కలుగుననియు కమీషనువారు 1894లో నిర్ణయించిరి. గంజాయి పక్షమువారు ఈ వాక్యములోని మొదటిసగమునే నేటికిని చూపుచుందురు.

కాని విచారణ అక్కడ నిలువలేదు. స్వీడను దేశమున సైన్యములో చేరవచ్చిన నలువదియైదు వేల యువకులను పదునైదేండ్లు గమనించి 1987లో ప్రకటించిన ఫలితమునందు, ఏబదిమాఱులకు మించి పీల్చినవారికి స్కిట్జోఫ్రెనియా యను తీవ్ర మనోరోగము పీల్చనివారికంటె ఆఱు రెట్లు అధికముగా కనబడెను. ఇతర కారణములను లెక్కించి తీసివేసినపుడు ఆ రెట్లు తగ్గెను గాని, పూర్తిగా పోలేదు. బలమైన సరకును నిత్యము వాడువారికి చిత్తభ్రమ కలుగు అవకాశము సుమారు ఐదు రెట్లుండునని 2019లో ఐరోపా, బ్రెజిలు పట్టణములనుండి వచ్చిన పరిశోధన తెలిపెను. పీల్చినవారిలో అధికసంఖ్యాకులకు ఈ రోగము రాదు. వంశమున అట్టి రోగమున్నవానికిని, బాల్యమునందే మొదలుపెట్టినవానికిని అపాయ మెక్కువ. తనయందు ఆ బీజమున్నదో లేదో పదునైదేండ్ల బాలునకు తెలియు మార్గము లేదు.

వయస్సు ముఖ్యమగుటకు కారణము గలదు. మెదడు ఇరువదియైదేండ్లవఱకును తన నరముల కూర్పును సవరించుకొనుచుండును. ఆ సవరణయందు పైని చెప్పిన తూములకును పని గలదు. ఒకమాఱైనను వాడినవారిలో నూటికి తొమ్మండుగురు విడువలేని స్థితికి వత్తురని అమెరికాలో లెక్కించిరి. పదునెనిమిదేండ్లలోపున మొదలుపెట్టినవారిలో ఆ సంఖ్య పదునేడు.

మానదలచినవానికి మొదటివారము కష్టము. నిద్ర పట్టదు, అన్నము సహింపదు, చిన్నమాటకు కోపము వచ్చును, చిత్రమైన కలలు వచ్చును. ఇంటివారు దీనిని చూచి వీడు మఱింత చెడెనని తలంచి తిట్టుట కలదు. అది మెదడు తన తూములను మరల తానే నడపుకొనుటకు నేర్చుకొనుచున్న గుఱుతు. రెండు మూడు వారములలో చాలవఱకు తగ్గును. ప్రభుత్వమువారి వ్యసనవిముక్తి టెలిఫోను సంఖ్య 14446. దానికి రుసుము లేదు.